ఫ్యాను ఫొటో ఎవరికి పంపుతోంది?

ఈ వారం ఉత్తరం గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి వచ్చింది. ఊరి పేరు వేయొద్దని రాసినావిడ కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు నలభై రెండేళ్లు. ఎంసీఏ చదివారు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఇంటికి దగ్గర్లోనే ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నారు. భర్తది వ్యాపారం. అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. అబ్బాయికి పన్నెండు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోన్ అమ్మాయి చేతిలోనే ఉండిపోయింది.

"ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టవే, అమ్మమ్మ చూసుకుంటుంది అంటే నవ్వింది. 'అది పెదనాన్నల యాప్ అమ్మా' అంది. సరే, దానికి నచ్చిందే నేర్చుకుందామని నేను ఇన్‌స్టాగ్రామ్ పెట్టుకున్నాను. దాన్ని ఫాలో అయ్యాను. ప్రతి ఫొటోకీ లైక్ కొట్టి 'మా బంగారం' అని కామెంట్ పెట్టేదాన్ని. నన్ను చూసి మా వదినగారు, మరుదులు, తోడికోడలు అందరూ వచ్చి చేరారు."

ఎనిమిది నెలల కిందట అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లి ఒక ఫొటో పెట్టింది. స్లీవ్‌లెస్ టాప్ వేసుకుంది. మేనత్త దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ముప్పై నాలుగు మంది ఉన్న కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేసి, "పిల్ల ఎదుగుతోంది, కాస్త బట్టలు చూసుకోండి" అని రాశారు. ఆ రాత్రే తల్లి ఫొటో తీయించేశారు. "గొడవెందుకని తీసెయ్యమన్నాను. అదీ మారు మాట్లాడకుండా తీసేసింది." ఆనాటి నుంచి ఇన్‌స్టాలో ఒక్క ఫొటో లేదు. ఎప్పుడు చూసినా స్నాప్‌చాట్.

"రాత్రి పదకొండింటికి పడుకున్నట్టే పడుకుని సీలింగ్ ఫ్యానుకి ఫొటో తీసి ఎవరికో పంపుతోంది. ఒక్కోరోజు గోడ. ఒక్కోరోజు ఏమీ లేని చీకటి. ఫ్యాను ఫొటో ఎవరికండీ? ఎందుకండీ? ఇదేమైనా సంకేతమా?"

పోయిన నెల రీచార్జి చేయించమని అమ్మాయి ఫోన్ ఇచ్చినప్పుడు ఆవిడ లోపలంతా చూశారు. అమ్మాయికి తెలియదు. అందులో రెండో ఇన్‌స్టా అకౌంట్ ఉంది. వింత పేరు, ఇరవై ముగ్గురు ఫాలోయర్లు, ఇంటివాళ్లు ఒక్కరూ లేరు. "నేను ఉప్పు మర్చిపోయిన లంచ్ బాక్సు మీద జోకులున్నాయి, పోనీ. 'ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదు' అని ఒకచోట రాసుకుంది. స్నాప్‌చాట్‌లో ఒక స్నేహితురాలి పేరు పక్కన మంట బొమ్మ, 312 అని అంకె. పరీక్షలప్పుడు నేను ఫోన్ తీసి దాచేస్తే, ఆ అంకె పోకూడదని తన పాస్‌వర్డ్ స్నేహితురాలికి ఇచ్చిందట, తర్వాత తెలిసింది."

ఫోన్ లాగేసుకుందాం, ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే మాన్పించింది అంటున్నారు భర్త. అక్కకున్నవన్నీ నాకూ కావాలంటున్నాడు అబ్బాయి. ఆవిడ ప్రశ్న ఇది: "నేనెక్కడికి వెళ్తే అక్కడి నుంచి అది పారిపోతోంది. స్నాప్‌చాట్ కూడా పెట్టుకోమంటారా? అసలు నేను చేసిన తప్పేమిటి?"

అమ్మా,

ముందు ఫ్యాను సంగతి తేల్చేద్దాం. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే కదా. స్నాప్‌చాట్‌లో ఇద్దరు రోజూ తప్పకుండా ఒకరికొకరు ఫొటో పంపుకుంటూ పోతే పేరు పక్కన మంట బొమ్మ వస్తుంది, ఎన్ని రోజులుగా సాగుతోందో ఆ అంకె వస్తుంది. దాన్ని స్ట్రీక్ అంటారు. ఇద్దరిలో ఏ ఒక్కరు ఇరవై నాలుగు గంటలు మర్చిపోయినా మంట ఆరిపోతుంది. మాటలు రాసి పంపితే చెల్లదు, ఫొటోనో వీడియోనో ఉండాలి. పక్క మీదికి చేరాక గుర్తొచ్చిన పిల్ల ఎదురుగా ఏముంటే అది తీసి పంపుతుంది. వెల్లకిలా పడుకున్నవాళ్లకు ఎదురుగా ఉండేది ఫ్యానే. లైటు తీసేశాక చీకటే. బళ్లో పేరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనడం లాంటిది ఇది. ఆ ఫొటోలో ఏముందా అని ఎవరూ చూడరు.

సంకేతమా అని అడిగారు. సంకేతమే. "నేనున్నాను, నువ్వున్నావా?" అని.

ఈ పద్ధతి నాకు నచ్చదని కూడా చెప్పాలి. స్నేహానికి అంకె వేసి, ఒక్కరోజు తప్పితే మళ్లీ సున్నా అని బెదిరించడం, రోజుకోసారి యాప్ తెరిపించడానికి కంపెనీ వేసిన ఎత్తు. పదో తరగతి పిల్ల పరీక్షల మధ్యలో ఆ అంకెను కాపాడుకోవడానికి పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో పెట్టిందంటే ఎత్తు పారినట్టే. ఆ కోపం కంపెనీ మీద చూపించాలి, పిల్ల మీద కాదు.

ఇక ఆ 312. మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివింది అక్కడే. ఫొటో గొడవ ఎనిమిది నెలల కిందటిది, అంటే దాదాపు రెండు వందల నలభై రోజులు. మీరు పోయిన నెల చూసేనాటికే ఆ అంకె 312. మీరు ఎంసీఏ, ఇప్పుడూ లెక్కలు చూస్తున్నారు, లెక్క కట్టి చూసుకోండి. గొడవ జరగడానికి కనీసం రెండు మూడు నెలల ముందే మీ అమ్మాయి స్నాప్‌చాట్‌లో ఆ స్నేహితురాలితో రోజూ పలకరించుకుంటోంది. అంటే మిమ్మల్ని చూసి అక్కడికి పారిపోలేదు. రెండుచోట్లా ఉండేది. ఒకచోట నోరు మూసుకుంది, అంతే. పిల్లలు యాప్‌లు మారడం ఒకటి, ఆ ఫొటో గొడవ ఒకటి. మీరు రెంటినీ కలిపి ఒకే ముడి వేశారు. అందుకే అది మీకు విడిపోవడం లేదు.

మొదట పాత ముడి. పిల్లలు ఒక యాప్‌లో ఎందుకుంటారు, ఇంకొకదాన్ని చూసి ఎందుకు నవ్వుతారు?

మీ వయసు చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. ఆర్కుట్ గుర్తుందా? 2004 జనవరిలో వచ్చింది, సరిగ్గా మీరు చదువుకునే రోజులు. నెట్ సెంటర్లో గంటకు ఇంతని ఇచ్చి కూచుని స్క్రాప్‌బుక్‌లో ఎవరేం రాశారో చూసుకోవడం, టెస్టిమోనియల్ రాయమని స్నేహితురాళ్లను బతిమాలుకోవడం. ఆ స్క్రాప్‌బుక్‌లో మీ నాన్నగారు వచ్చి "మా బంగారం" అని రాసి ఉంటే? నాన్నగారు మంచివారే, ప్రేమతోనే రాసేవారు. అయినా మర్నాడు క్లాసులో తలెత్తుకోగలిగేవారా?

మా కాలానికి అదీ లేదు. మాకు మేడ ఉండేది. వడియాలు కాకులెత్తుకుపోకుండా కాపలా అని చెప్పి నేనూ నా స్నేహితురాలూ ఎండలో మూడేసి గంటలు కూచునేవాళ్లం. అమ్మ పైకి రావలసి వస్తే మెట్ల దగ్గరే గాజులు గలగలమనిపించి, గొంతు సవరించుకుని మరీ వచ్చేది. మేము మాట మార్చేసేవాళ్లం. ఆ గాజుల చప్పుడు ఎంత పెద్ద మర్యాదో నాకు పిల్లలు పుట్టాకగానీ తెలియలేదు.

మీ అమ్మాయి "పెదనాన్నల యాప్" అని నవ్విన ఫేస్‌బుక్ కూడా పుట్టినప్పుడు కుర్రకారుదే. 2004లో హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలైంది. 2006 సెప్టెంబరులో పదమూడేళ్లు నిండినవారెవరైనా రావచ్చని తలుపులు బార్లా తెరిచారు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2014-15లో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలను అడిగితే 71 శాతం మంది ఫేస్‌బుక్ వాడుతున్నామన్నారు. 2022లో అడిగితే 32 శాతం. ఈ మధ్యకాలంలో ఫేస్‌బుక్‌లో సౌకర్యాలు తగ్గాయా అంటే, పెరిగాయి. అత్తలూ మామలూ కూడా పెరిగారు. అదొక్కటే కారణమని అనను. కానీ ఏ ఇంట్లో పిల్లలనడిగినా మొదట వచ్చే జవాబు అదే.

ఇంకో తమాషా చెప్తాను. పిల్లల వెనక పరిగెడుతున్నది మీరొక్కరే కాదు, ఆ ఫేస్‌బుక్ కంపెనీ కూడా. 2012లో వంద కోట్ల డాలర్లు పోసి ఇన్‌స్టాగ్రామ్ కొనుక్కుంది. 2014లో వాట్సాప్‌ని కొంది. స్నాప్‌చాట్‌ను కొనబోతే అది అమ్ముడుపోలేదు. అప్పుడు 2016లో, ఒక్కరోజు ఉండి మాయమైపోయే స్టోరీలనే స్నాప్‌చాట్ పద్ధతిని ఇన్‌స్టాలో దించేసింది. అంత డబ్బున్నవాళ్లకే పిల్లలు ఒకచోట నిలవడం లేదు. మీరు "మా బంగారం" అని రాసి నిలబెట్టలేకపోయారని బాధపడకండి.

మీకు పెళ్లి భోజనాల బంతి తెలుసు కదా. ఒకే వరసలో ఇటు పెదనాన్న, అటు లెక్కల మాస్టారు, ఎదురుగా క్లాసులో తనంటే పడని పిల్ల, పక్కన ప్రాణస్నేహితురాలు. అక్కడ కూచున్న పదిహేనేళ్ల పిల్ల ఏ గొంతుతో మాట్లాడాలి? స్నేహితురాలితో ఆడే మాట పెదనాన్న వినకూడదు. పెదనాన్నతో ఆడే మాట స్నేహితురాలు వింటే నవ్వుతుంది. అందుకని తలొంచుకుని తింటుంది. ఫేస్‌బుక్‌లో పిల్లలు చేసింది అదే. మీరంతా చేరాక ఇన్‌స్టాలోని మొదటి అకౌంట్ కూడా బంతే అయిపోయింది.

ఇరవై ముగ్గురి అకౌంట్ సంగతి దీంతోనే తేలిపోతుంది. దీన్ని పిల్లలు ఫిన్‌స్టా అంటారు, స్పామ్ అకౌంట్ అంటారు. మొదటిది పెళ్లి ఆల్బమ్ లాంటిది. వెలుతురు చూసి, జుట్టు చూసి, నలుగురినీ అడిగి పెట్టే ఫొటోలు. రెండోది మేడ. అక్కడ కళ్లు ఉబ్బి ఉన్నా పరవాలేదు, ఉప్పు లేని కూర మీద జోకు వేసినా పరవాలేదు. తల్లి వంట మీద జోకులు వేసుకోని పిల్లల్ని నేనింతవరకూ చూడలేదు. దొంగ అకౌంట్ అని మీరు ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆ మాట ఇంట్లో అనకండి.

స్నాప్‌చాట్‌కి వస్తే, దాన్ని తెరవగానే కెమెరా వస్తుంది. ఎవరికెన్ని లైకులు, ఎంతమంది ఫాలోయర్లు అన్న ప్రదర్శన లేదు. పంపింది చూశాక మామూలుగా చెరిగిపోతుంది. ట్యూషన్ నుంచి ఇద్దరు పిల్లలు సైకిళ్లు నడిపించుకుంటూ మాట్లాడుకునే మాటల్లాగా, వీధి మలుపు తిరిగేసరికి గాల్లో కలిసిపోతాయి. ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేయరు. తీస్తే పంపినవాళ్లకు తెలిసిపోతుంది కూడా. ఒకసారి స్క్రీన్‌షాట్ దెబ్బ తిన్న పిల్లకి ఈ ఒక్క సంగతి ఎంత ధైర్యమో ఆలోచించండి.

వాట్సాప్ పిల్లలకు ఇల్లూ బడీ. హోంవర్కూ ట్యూషన్ టైమూ దాంట్లోనే వస్తాయి, చిన్నాన్న గుడ్ మార్నింగ్ పూలూ దాంట్లోనే వస్తాయి. యూట్యూబ్ అందరిదీ, అక్కడ చూడటమే పని కాబట్టి పేచీ లేదు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించాక, కొద్ది రోజులకే ఇన్‌స్టాలో రీల్స్ దిగాయి. ఆ చిన్న వీడియోల కోసం మన పిల్లలు ఇన్‌స్టా వదలరు. చూడటానికి ఒకటి, కనిపించడానికి ఒకటి, మాట్లాడుకోవడానికి ఒకటి. వీటన్నిటి పైనా ఒక మొరటు కారణం ఉంది: తరగతిలో నలుగురు ఎక్కడుంటే ఐదో పిల్లా అక్కడే ఉంటుంది. మీ పక్క బడిలో ఆ నలుగురూ ఇంకో యాప్‌లో ఉండొచ్చు.

ఇప్పుడు రెండో ముడి, ఆ ఫొటో.

తప్పేమిటని అడిగారు. ఇన్‌స్టాలో చేరడం తప్పు కాదు. "మా బంగారం" అనడం తప్పు కాదు, కాస్త ఇబ్బంది, అంతే. నాకు గుచ్చుకున్నది ఆ రాత్రి. ముప్పై నాలుగు మంది ముందు పిల్ల ఒంటి గురించి ఒక మాట పడింది. అమ్మ ఏమంటుందోనని పిల్ల చూసింది. అమ్మ ఫొటో తీసెయ్యమంది. మీరు గొడవ ఆపారు, నిజమే. కానీ పిల్లకు అర్థమైంది వేరు: అత్త అన్నది అమ్మకూ సరైనదే అనిపించింది. మారు మాట్లాడకుండా తీసేసిందని నిమ్మళంగా రాశారు. పదిహేనేళ్ల పిల్ల మారు మాట్లాడలేదంటే నేను కంగారుపడతాను.

మీ మూడో పేజీ అడుగున, జోకుల మధ్యలో, ఇంకో వాక్యం పెట్టారు. "ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదు." మీకు ఫ్యాను కంటే అదే ఎక్కువ భయపెట్టి ఉండాలి, రాయడానికి చెయ్యి రాలేదేమో. ఆ మాట ఒక చెడ్డ రోజున ఏ పిల్లయినా అనుకునేదే కావొచ్చు. ఏ యాప్‌లో ఉందన్నది దానిముందు చిన్న విషయం. మీరు చూడవలసినవి ఫోన్ బయట ఉన్నాయి. తిండి సరిగా తింటోందా, నిద్రపోతోందా, ఇదివరకు ఇష్టంగా చేసేవి మానేసిందా, స్నేహితులనీ తప్పించుకుంటోందా, బతకడం గురించి నిరాశగా మాట్లాడుతోందా. వీటిలో ఏ ఒక్కటైనా రెండు వారాల పాటు కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బతకడం గురించిన మాట వస్తే రెండు వారాలు కాదు, ఆ పూటే. ముందు మీరొక్కరే మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రోజూ స్నేహితురాలితో పలకరించుకుంటోంది, జోకులు వేస్తోంది కాబట్టి నాకు కొంత ధైర్యంగానే ఉంది. కానీ పిల్లను చూస్తున్నది మీరు.

ఇక ఏం చేయొచ్చో.

మీవారన్నట్టు ఫోన్ లాగేసుకోవచ్చు. పదో తరగతి, పబ్లిక్ పరీక్షలు, కారణానికి కొదవలేదు. కానీ పరీక్షలప్పుడు ఏమైందో మీరే రాశారు. ఫోన్ మీ బీరువాలో ఉంది, అకౌంట్ స్నేహితురాలి ఫోన్లో నడిచింది. ఈసారి అదే జరిగితే మీ చేతిలో ఏమీ ఉండదు, పైగా పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉందో కూడా తెలియదు. ఆస్ట్రేలియా మాట నిజమే. 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు ఇన్‌స్టా, స్నాప్‌చాట్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, యూట్యూబ్‌లలో అకౌంట్లు ఉండకూడదు. అయితే ఆ చట్టం జరిమానా వేసేది కంపెనీలకు, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. తరగతి మొత్తానికి ఒకేసారి ఆగిపోవడం వేరు, నలభై మందిలో మీ అమ్మాయి ఒక్కతే బయట ఉండిపోవడం వేరు. మీవారు ఈ దారే పట్టాలనుకుంటే, కనీసం రాత్రి పదింటికి ఇంట్లో నలుగురి ఫోన్లూ హాల్లో ఒకేచోట చార్జింగులో ఉండాలన్న పద్ధతితో మొదలుపెట్టమనండి. నలుగురివీ అన్నాను. ఆయనది కూడా.

ఇప్పటిలాగే చాటుగా చూస్తూ ఉండొచ్చు. చాలామంది తల్లులు చేసే పని, నేను తీర్పు చెప్పను. దీనికి రెండు ఖర్చులున్నాయి. చూసింది చెప్పలేరు కాబట్టి, భయపెట్టేది కనిపించినా అడగలేరు, ఇప్పుడు అదే జరుగుతోంది. రెండోది, ఎప్పుడో ఒకరోజు మీ నోటి నుంచే జారుతుంది. అప్పుడు మూడో అకౌంట్ పుడుతుంది, దాన్ని మీరు కనిపెట్టలేరు.

చూశానని చెప్పేయొచ్చు. "ఫోన్ చూశాను, అడక్కుండా చూశాను, తప్పే. నీ రెండో అకౌంట్ కనిపించింది. ఇంక చూడను. ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు, ఇంట్లో మాట్లాడాలనిపించట్లేదని రాశావు." ఇంతకు మించి వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. అరుస్తుంది. పిన్ మార్చేస్తుంది. వారం రోజులు ముక్తసరిగా ఉంటుంది. ఆ ఇరవై ముగ్గురికీ మీ గురించి ఒక పోస్టు కూడా పడొచ్చు. అయినా నన్నడిగితే నేను ఇటే మొగ్గుతాను. మెట్ల దగ్గర గాజులు చప్పుడు చేయడానికి మీకు ఇంకా ఆలస్యం కాలేదు. అలా చెప్పాలంటే "ఇంక చూడను" అన్న మాట మీద నిలబడగలగాలి. నిలబడలేరనిపిస్తే ఆ వాక్యం తీసేసి, "నాకు భయమేస్తే నీ ముందే అడిగి చూస్తాను" అనండి.

స్నాప్‌చాట్ పెట్టుకోవాలా అని అడిగారు. పెట్టుకోండి, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి. ఆ 312 పక్కన మీ పేరు కోసం మాత్రం వద్దు. అందులో ఫ్యామిలీ సెంటర్ అని ఉంది. అమ్మాయి ఒప్పుకుని కలిపితే, గత వారంలో తను ఎవరెవరితో మాట్లాడిందో పేర్లు కనిపిస్తాయి, మాటలు కనిపించవు. ఇన్‌స్టాలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఇది నాకు నచ్చిన మధ్యేమార్గం, కానీ పైన చెప్పిన మాటలు అయ్యాక. ముందే అడిగితే ఇది కూడా స్క్రీన్‌షాటే అనుకుంటుంది.

ఏ దారి పట్టినా, కూర్చుని కలిసి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఎందుకంటే స్నాప్‌చాట్ అంత అమాయకమైన చోటు కూడా కాదు. చెరిగిపోతుందన్నది సగం నిజం. స్క్రీన్‌షాట్ తీస్తే తెలుస్తుంది గానీ, పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫొటో తీస్తే ఎవరికి తెలుస్తుంది? ఇది మీకంటే అమ్మాయికే త్వరగా అర్థమవుతుంది. స్నాప్ మ్యాప్‌లో తను ఎక్కడుందో కనబడకుండా ఘోస్ట్ మోడ్ ఉందో లేదో చూసుకోమనండి. స్నేహితుల స్నేహితులంటూ యాప్ చూపించే పేర్లలో ముఖం ఎరగనివాళ్లను చేర్చుకుందేమో అడగండి. పాస్‌వర్డ్ ఈరోజే మార్చమనండి. పోయిన స్ట్రీక్‌ను తిరిగి తెచ్చుకునే వీలు యాప్‌లోనే ఉంది, దానికోసం ఎవరికీ తాళాలివ్వక్కర్లేదు.

ఇన్‌స్టాలో ఒకటే అడగండి: అకౌంట్ తెరిచినప్పుడు పుట్టిన సంవత్సరం ఏమిచ్చావు? ఈ యాప్‌లన్నిటికీ కనీస వయసు పదమూడు కాబట్టి, పదకొండేళ్లకే తెరిచిన పిల్లలు నోటికొచ్చిన సంవత్సరం వేస్తారు. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ టీన్ అకౌంట్లు వచ్చాయి. అకౌంట్ ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్ల మెసేజీలు రావు, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు, పదహారేళ్లలోపువారు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. కానీ ఆ యాప్ లెక్కలో మీ అమ్మాయి వయసు ఇరవై అయితే ఇవేవీ ఉండవు.

రీల్స్ గురించి నాకున్న బెంగ స్నాప్‌చాట్ గురించి లేదు. ఇన్‌స్టా యజమాని కంపెనీ లోపల చేసుకున్న పరిశోధన 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ ద్వారా బయటపడింది. తమ ఒంటి తీరు గురించి ఇప్పటికే బాధపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టా ఆ బాధను పెంచుతోందని అందులో ఉంది. ఒక ఫొటోకి ఒంటి గురించి మాట పడిన మీ అమ్మాయి, ఇప్పుడు ఏమీ పెట్టకుండా ఇతరుల ఫొటోలు చూస్తూ కూర్చుంటే, అది నాకు ఫ్యాను ఫొటో కంటే పెద్ద సంగతి.

ఎవరైనా ఫొటో పట్టుకుని బెదిరించే పరిస్థితి ఎప్పుడైనా వస్తే, తిట్టననీ, ఫోన్ లాక్కోననీ ముందుగానే మాటివ్వండి. పిల్లలు చెప్పకుండా దాచేది ఆ రెండింటి భయంతోనే. డబ్బు పంపకూడదు, సంభాషణ చెరపకూడదు. చెరిగిపోయే యాప్ కాబట్టి వేరే ఫోన్‌తో ఫొటో తీసి ఉంచాలి. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయొచ్చు, పిల్లల సాయానికైతే 1098 ఉంది.

అబ్బాయికి పన్నెండు కదా, వాడికి ఆ యాప్‌ల నియమమే వద్దంటోంది. వాడితో ఆ మాటే చెప్పండి. పదమూడు వచ్చాక ఏమంటారని అడుగుతాడు, అప్పటికి అక్క ఎలా వాడుతోందో చూసి మాట్లాడదామనండి. ఈలోగా గేముల్లో ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా ఒకసారి చూడండి. ఆడపిల్ల ఫోన్ ఒక్కటే తెరిచే ఇళ్లు నాకు చాలా తెలుసు.

మీ ఇన్‌స్టా మీరు తీసేయక్కర్లేదు. లైకులు కొట్టడం ఆపి, మౌనంగా ఉండండి. మీ చుట్టాలను తన మొదటి అకౌంట్ నుంచి తీసేయాలనుకుంటే అది తన ఇష్టమని చెప్పండి, ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్తాననండి. నిజంగా చెప్పండి కూడా.

మిగిలింది మీ వదినగారు. ఆవిడతో మీరు మాట్లాడకండి, కోడలి మాట అయిపోతుంది. మీవారిని చేయమనండి. ఎనిమిది నెలల తర్వాత ఇప్పుడెందుకంటారు, అయినా చేయమనండి. "అక్కా, పిల్లది ఏదైనా బాగాలేదనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. గ్రూపులో వెయ్యకు. ఆ రోజు వేసింది నాకు నచ్చలేదు." ఈ మూడు ముక్కలే. అమ్మాయి పక్కగదిలో ఉన్నప్పుడు చేయమనండి, మధ్య తలుపు తీసి ఉంచి.